గుంత పడ్డ చోటే జనం నడిచారు

గురువారం నాకు ఆఫీసు లేదు. వారానికి నాలుగు రోజులే పనిచేస్తానని ఒప్పందం మార్చుకున్నప్పుడు, మిగిలిన రోజు ఏం చేస్తావని అందరూ అడిగితే యోగా అని చెప్పాను గానీ, నిజానికి ఆ రోజు నేను చేస్తున్నది మా కౌంటీ రికార్డు ఆఫీసులో ఓ మూల బల్ల దగ్గర కూర్చుని నూటయాభై ఏళ్ల కిందటి రోడ్డు మరమ్మతు లెక్కలు చదవడం. కంకర ఎన్ని బండ్లు తోలారు, ఎవరు తోలారు, కూలి ఎంత, కాలవ పూడిక ఎవరు తీశారు. అంతే. రాజులు లేరు, యుద్ధాలు లేవు. మా ఆయన మొదటి వారం "డబ్బులేమైనా ఇస్తారా?" అని అడిగాడు, ఇవ్వరని చెప్పాక ఇక ఆ విషయం ఎత్తలేదు.

మేం ఉండేది ఇంగ్లండ్‌లో, రెడింగ్‌లో. లండన్‌కి పడమటి వైపు, రైల్లో అరగంట. ఊరు దాటి వాయవ్యం దిక్కుగా వెళితే సుద్ద గుట్టలు మొదలవుతాయి, దున్నిన చేలు దూరం నుంచి తెల్లగా పిండి చల్లినట్టు ఉంటాయి. నేను చదివే పుస్తకాలు ఆ గుట్టల్లోని ఒక చిన్న ఊరివి. ఊరి పేరు రాయను. పట్టుమని అరవై గడప ఉండదు, లెక్కల్లో కనిపించే ఇంటిపేర్లవాళ్లు కొందరు ఇప్పటికీ అక్కడే ఉన్నారు. వాళ్ల తాతగారి తాత చలికాలంలో పనిలేక రాళ్లు కొట్టాడని నేను పదిమందికీ చెప్పడం బాగోదు.

ముందు ఈ పుస్తకాలు ఎందుకు పుట్టాయో చెప్పాలి. ఇంగ్లండ్‌లో 1555 చట్టం ప్రకారం ఊరి రోడ్డుని ఊరే బాగుచేసుకోవాలి. ఏడాదికి నాలుగు రోజులు (కొన్నేళ్లకే దాన్ని ఆరు చేశారు) ప్రతి ఇంటివాళ్లూ వచ్చి ఊరికే పనిచేయాలి, బండీ ఎడ్లూ ఉన్నవాడు బండి తేవాలి. మన భాషలో చెప్పాలంటే వెట్టి. అది దాదాపు మూడు వందల ఏళ్లు నడిచింది, ఎంత బాగా నడిచిందో మీరే ఊహించుకోండి. 1835లో కొత్త చట్టం వచ్చి ఈ వెట్టిని ఎత్తేసింది. ఆస్తిని బట్టి పన్ను వసూలు చేయండి, ఆ డబ్బుతో కూలీలను పెట్టి పని చేయించండి, లెక్క చూపించండి అంది. ఇంకో రెండేళ్లకి విక్టోరియా రాణి అయింది. ఆవిడ కాలమంతా పల్లెల్లో ఈ రోడ్డు పుస్తకాలు నిండుతూ పోవడానికి కారణం అదే. డబ్బు చేతులు మారింది కాబట్టి, వెట్టి రోజుల్లో ఎవరూ పట్టించుకోని సంగతులు కూలి రోజుల్లో కాగితం మీద పెట్టాల్సి వచ్చింది.

రాసింది ఎవరనుకున్నారు? సర్వేయర్. సర్వేయర్ అంటే మనకి గొలుసు పట్టుకుని పొలం కొలిచేవాడు గుర్తొస్తాడు గానీ ఇక్కడ ఆ హోదా ఊళ్లోని ఓ రైతుది. ఏటా మార్చి 25 దగ్గర్లో ఊరి పెద్దలంతా చర్చి తరఫు సభలో కూర్చుని ఈ ఏడు నువ్వు చూడు అని ఒకడి మెడకి తగిలిస్తారు. చాలా ఊళ్లలో జీతం గీతం ఏమీ ఉండదు. (ఆ మార్చి 25 ఇక్కడి పాత సంవత్సరాది. 1752లో క్యాలెండరు మార్చినప్పుడు పదకొండు రోజులు ఎగిరిపోవడంతో లెక్కల ఏడాది జరిగి జరిగి ఏప్రిల్ 6కి వచ్చి ఆగింది. నేను ఇక్కడ ఇన్‌కమ్ టాక్స్ కట్టేది ఇప్పటికీ ఆ తేదీ లెక్కనే.) అంటే ఆ పుస్తకం రాసింది ఓ గుమస్తా కాదు. పొద్దంతా పొలంలో తిరిగి, రాత్రి దీపం దగ్గర, ఇష్టం లేని పని కింద, నోటితో ఎలా పలుకుతాడో అలాగే అక్షరాలు పేర్చి రాసిన మనిషి.

అందుకే ఆ రాత అంత కష్టం. మా తాతయ్య కరణం కాదు గానీ ఆయన దగ్గర పాత దస్తావేజులు ఉండేవి, గొలుసుకట్టులో, అక్షరం మీంచి కలం ఎత్తకుండా రాసినవి. చిన్నప్పుడు అవి చూసి తెలుగే కాదనుకునేదాన్ని. ఇంగ్లిష్‌లోనూ అదే పరిస్థితి అని ఇక్కడికొచ్చాకే తెలిసింది. విక్టోరియా కాలం నాటికి రాత చాలావరకు మనం చదవగలిగేదే, అంతకుముందు రెండు మూడు వందల ఏళ్ల రాతతో పోలిస్తే స్వర్గం. కానీ రెండు 'ఎస్'లు పక్కపక్కన వస్తే మొదటిది పొడుగ్గా 'ఎఫ్' లాగా లాగేవాళ్లు ఇంకా ఉన్నారు, ప్రతి మాటనీ సగానికి నరికి చివర చిన్న గీత పెట్టేవాళ్లున్నారు, పై లైనులో ఉన్నదే మళ్లీ అయితే 'డిటో' అని రెండక్షరాలు గిలికి పేజీ కిందదాకా దాన్నే దింపేవాళ్లున్నారు.

నా పరువు తీసిన సంగతి ఒకటి చెప్తాను. మూడో గురువారమో నాలుగో గురువారమో, 'గ్రేప్స్ కోసినందుకు' అని ఇద్దరికి కూలి ఇచ్చినట్టు చదివాను. నవంబరులో. అది కూడా ఏటా. ఈ గుట్టల్లో ద్రాక్షతోటలు ఉండేవన్నమాట, ఎవరూ కనిపెట్టని సంగతి నేను కనిపెట్టానన్నమాట అని రెండు వారాలు లోపల్లోపల పొంగిపోయాను. చివరికి అక్కడ రోజూ వచ్చే ఓ పెద్దాయనకి చూపిస్తే ఆయన నవ్వలేదు పాపం, అది 'గ్రిప్స్' అమ్మా అన్నాడు. గ్రిప్ అంటే రోడ్డు మీద నీళ్లు పక్క కాలవలోకి పోవడానికి అంచున అడ్డంగా కోసే చిన్న బోదె. వానలు ముదిరేముందు బోదెలు తీశారు, అంతే.

డబ్బుల పద్ధతి మాత్రం నాకు మిగతా వాలంటీర్ల కంటే తొందరగా పట్టుబడింది. పౌనుకి 20 షిల్లింగులు, షిల్లింగుకి 12 పెన్నీలు, పెన్నీని 'డి' అని రాస్తారు, రోమన్ల దినారియస్ నుంచి వచ్చిన అక్షరం అది. ఇక్కడి కుర్రాళ్లు దీన్ని చూసి బెంబేలెత్తిపోతారు. రూపాయికి పదహారణాలు, అణాకి పన్నెండు దమ్మిడీలు అని మా అమ్మమ్మ చెప్పే లెక్కలు వింటూ పెరిగినదాన్ని, నాకేం కష్టం. మొత్తాలు నేను వేళ్ల మీద వేసి చెబుతుంటే వింతగా చూస్తారు.

అసలు ఈ పని నా నెత్తికెక్కడానికి కారణం మా నాన్న. ఆయన పంచాయతీరాజ్‌లో వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైరయ్యారు. గుంటూరు వైపు నల్లరేగడి నేలల్లో కంకర రోడ్డు నిలబెట్టడం ఎంత గొడవో ఆయన్ని అడగాలి. మా ఇంట్లో అన్నం తినేటప్పుడు వినపడే మాట 'ఎం బుక్'. కొలతల పుస్తకం. ఎం బుక్‌లో ఎక్కలేదంటే ఆ రోడ్డు వేయనట్టే, వేసినా వేయనట్టే అనేవారు. రోడ్డు పక్కన కంకర కుప్పలు పోయించి, పెట్టె పెట్టి కొలిచి, ఎవరూ ఎత్తుకుపోకుండా పైన సున్నం చల్లించి, ఆ తర్వాతే పరచనిచ్చేవారు. ఇక్కడ మొదటి పుస్తకం తెరిచి మొదటి పేజీలో కుప్పల కొలతలు చూసేసరికి నాకు నవ్వాగలేదు. ఇది మా నాన్న పుస్తకమే కదా అనిపించింది. మనవాళ్లు కంకరని 'మెటల్' అంటారు, ఇనుమూ లేదు ఉక్కూ లేదు మెటల్ ఏంటని నాకు చిన్నప్పుడు అనుమానం, ఇక్కడ ఈ రైతులు కూడా ఆ మాటే రాశారు. మనం కంకర రోడ్డుని డబ్ల్యూబీఎం రోడ్డు అంటాం కదా, అందులో ఆఖరి 'ఎం' మెకాడమ్. 1836లో చనిపోయిన జాన్ లౌడన్ మెకాడమ్ అనే స్కాట్లండ్ మనిషి పేరు అది. ఒకప్పుడు బ్రిస్టల్ రోడ్లకి సర్వేయర్‌గా చేశాడు. ఆయన చెప్పింది చాలా సింపుల్: నేల పొడిగా ఉండాలి, నీళ్లు నిలవకూడదు, పెద్ద బండలు వద్దు, ఆరు ఔన్సులకి మించని పలుకురాయి మాత్రమే వేయండి, బండ్లు తిరిగేకొద్దీ అదే బిగుసుకుంటుంది. ఆరు ఔన్సులంటే మన లెక్కలో సుమారు 170 గ్రాములు. త్రాసు లేనివాడు రాయిని నోట్లో పెట్టి చూసుకునేవాడని ఇక్కడ కథగా చెబుతారు.

మన పంచాయతీ రోడ్డు బిల్లులో ఆయన పేరు ఇంకా నడుస్తోందన్నమాట.

నాన్నకి వాట్సాప్‌లో కొన్ని పేజీలు పంపాను. (ఫొటోలకి అనుమతి తీసుకునే, దానికి వేరే రుసుము ఉంది. పెన్ను లోపలికి రానివ్వరు, పెన్సిలే. పుస్తకం మెత్తటి దిండ్ల మీద పెట్టి, పూసల దారంలాంటి బరువుతో పేజీ తొక్కిపెట్టి చదవాలి.) ఆయనకి ఇంగ్లిష్ చేతిరాత చదవడం రాదు, నేను వరస చదివి చెప్పాను. అంతా విని,

"ఏమ్మా, జనవరి నుంచి మార్చి దాకా ప్రతి వారం ఆరు రోజుల కూలీ వేశాడే, వాన పడ్డ రోజే లేదా ఆ ఊళ్లో?" అన్నారు.

"ఉంటుంది కదా నాన్నా."

"మరి? ఇది ఏ వారానికావారం రాసింది కాదు. ఆఖర్న కూర్చుని ఒక్క ఊపున రాసింది. సిరా చూడు, ఒకే రంగులో ఉందా లేదా?"

ఉంది. పన్నెండు వారాలు ఒకే సిరా, ఒకే వాలు, ఒకే కలం. నేను ఆర్నెల్లుగా చదువుతూ గమనించనిది ఆయన గుంటూరులో కుర్చీలో కూర్చుని రెండు నిమిషాల్లో పట్టేశారు. అప్పటి నుంచి ప్రతి పేజీలో ముందు సిరా చూడటం అలవాటైంది. రంగులు మారుతూ, మరకలతో, కొట్టివేతలతో ఉన్న పేజీని నమ్ముతాను. నీటుగా ఉన్న పేజీని చూస్తే టెన్షన్.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. స్థానిక చరిత్ర రాసేవాళ్లు ఇక్కడ ముందు చర్చి రిజిస్టర్లు చూస్తారు, తర్వాత పదేళ్లకోసారి వచ్చే జనాభా లెక్కలు, తర్వాత చర్చికి కట్టే పదోవంతు పన్ను మీద 1836లో వచ్చిన చట్టం కింద గీసిన పన్ను పటాలు. అన్నీ మంచివే. కానీ అవి ఊరు ఎలా ఉందో చెబుతాయి, ఊరు ఎటు కదిలిందో చెప్పవు. రోడ్డు ఊరికే పాడవదు. బండి పోతేనే గాడి పడుతుంది, గాడి పడితేనే గుంత, గుంత పడితేనే కంకర, కంకర పడితేనే పుస్తకంలో ఒక లైను. కాబట్టి ఈ పుస్తకంలో ప్రతి లైనూ, ఎవరూ చెప్పాలనుకోకుండానే, ఫలానా ఏడు జనం ఇటుగా తిరిగారు అని చెబుతుంది.

నేను చదివే ఊరి సంగతే చూడండి. గ్రేట్ వెస్టర్న్ రైలు 1840లో రెడింగ్ చేరింది, 1841కల్లా బ్రిస్టల్ దాకా పోయింది. దాంతో లండన్ నుంచి బాత్ వెళ్లే పెద్ద రోడ్డు మీద గుర్రపు కోచ్‌లు పడిపోయాయి, టోల్ గేట్లకి ఆదాయం పోయింది. ఇంగ్లండ్, వేల్స్ కలిపి ఇలాంటి టోల్ రోడ్లు 1663లో మొదలై ఒక దశలో ఇరవై వేల మైళ్లు దాటాయి, చివరి గేటు 1895లో తీసేశారు. ఈ కథ అందరూ చెప్పేదే: రైలొచ్చింది, రోడ్డు చచ్చిపోయింది. కానీ మన పల్లె పుస్తకంలో కథ తిరగబడి ఉంది. స్టేషను వైపు పోయే సందు, అంతకుముందు ఏడాదికి నాలుగైదు బండ్ల రాయి కూడా పడని సందు, 1840ల మధ్యకొచ్చేసరికి ఊళ్లో సగం కంకర మింగేస్తోంది. బొగ్గు వస్తోంది, ధాన్యం పోతోంది, పాలు పోతున్నాయి. రైలు పెద్ద రోడ్డుని ఖాళీ చేసి ఆ బరువంతా ఇలాంటి చిన్న సందుల మీద పడేసింది, ఖర్చు మాత్రం ఈ అరవై గడప భరించాలి. దాని మీద ఊరి సభలో ఎంత రభస జరిగి ఉంటుందో సర్వేయరు రాయలేదు గానీ, ఒక ఏడు పన్ను రెండుసార్లు వేసినట్టు మాత్రం రాశాడు.

ఇంకోటి. 1860ల చివర్లో ఒక ఏడు, చర్చి దగ్గరున్న చిన్న తూముని మూడుసార్లు బాగుచేశారు. మూడుసార్లు! ఇటుకలు, సున్నం, మేస్త్రీ. నాకు అర్థం కాలేదు, ముందు సర్వేయరు తినేశాడనే అనుకున్నాను, నాన్న ప్రభావం. తర్వాత ఓ ఆదివారం ఆ ఊరెళ్లి చర్చిలోకి వెళితే గోడ మీద పలక ఉంది, ఆ చర్చిని తిరగకట్టిన ఏడాది సరిగ్గా అదే. రాళ్ల బండ్లు, దూలాల బండ్లు అన్నీ ఆ తూము మీంచే పోయాయి. పలక మీద దాతల పేర్లున్నాయి. తూము మూడుసార్లు కూలిందని ఎక్కడా లేదు. 1878లో వచ్చిన చట్టం మాత్రం ఇలాంటివాళ్లని పట్టుకుంది: మామూలుకి మించిన బరువు తోలి రోడ్డు పాడుచేస్తే ఆ ఖర్చు తోలించినవాడి దగ్గర వసూలు చేయొచ్చు అని. పదేళ్లు ముందొచ్చి ఉంటే చర్చి కట్టినవాళ్లకే బిల్లు వెళ్లేదేమో.

గుంత అబద్ధం చెప్పదు గానీ గుంత పూడ్చేవాడు చెప్పొచ్చు. ఒక రైతు సర్వేయరు అయిన ఏడు అతని దొడ్డి ముందు రోడ్డు అద్దంలా తయారవుతుంది. మరుసటి ఏడు ఇంకొకడు, ఇంకో దొడ్డి. వరసగా నాలుగేళ్లు చూస్తే కంకర సర్వేయరుతో పాటు ఊరంతా తిరుగుతుంది. ఇది కనిపెట్టాక కాసేపు నీరసం వచ్చింది, నా సిద్ధాంతం పోయిందే అని. పోలేదులెండి, ఎవరు సర్వేయరైనా ఆగని ఖర్చు ఏ రోడ్డుదో చూస్తే సరిపోతుంది. స్టేషను సందు ఖర్చు ఎవరొచ్చినా ఆగలేదు.

నాకు ఎక్కువ ఇష్టమైనవి రాళ్లేరిన లెక్కలు. ఈ సుద్ద నేలల్లో చెకుముకిరాళ్లు దొరుకుతాయి. దున్నినప్పుడల్లా పైకొస్తాయి, పంటకి అడ్డం, రోడ్డుకి పనికొస్తాయి. విత్తనం మొలిచి పెద్దదయ్యేలోపు, ఫిబ్రవరి మార్చిల్లో, ఆడవాళ్లూ పిల్లలూ చేల వెంట వంగి వాటిని ఏరి కుప్ప పోస్తే బండికింత అని ఇచ్చేవాళ్లు. 1850 ప్రాంతంలో మగ కూలీకి దేశం మొత్తం మీద సగటున వారానికి తొమ్మిదిన్నర షిల్లింగులు, దక్షిణాన ఇంకా తక్కువ. ఇంట్లో నలుగురు తింటే ఆ డబ్బు ఎంతమాత్రం చాలదు, ఆడవాళ్ల ఏరుడు కూలి అందులో కలవాల్సిందే. జనాభా లెక్కల్లో మాత్రం ఆ ఆడవాళ్ల ఎదురుగా వృత్తి అన్న గడి చాలాసార్లు ఖాళీ. భార్య. లేదా ఏమీ లేదు. అదే మనిషి రోడ్డు పుస్తకంలో పేరుతో, ఇన్ని బండ్ల రాయి, ఇంత డబ్బు అని ఉంటుంది. ఒకావిడ వరసగా పదకొండేళ్లు ఉంది. పన్నెండో ఏడు ఆవిడ పేరు లేదు, అదే ఇంటిపేరుతో ఇంకో పేరు మొదలైంది. కూతురో కోడలో.

బడి రిజిస్టరుతో కలిపి చదివితే ఇంకా తమాషా. 1860ల నుంచి ప్రభుత్వ గ్రాంటు తీసుకునే బళ్లలో హెడ్‌మాస్టరు డైరీలాంటిది రాయాలి. ఇలాంటి ఊళ్ల డైరీల్లో ఆ నెలల్లో ఒకటే ఏడుపు: పిల్లలు రాలేదు, రాళ్లేరడానికి పోయారు. ఒక పుస్తకంలో ఖర్చు, ఇంకో పుస్తకంలో ఆబ్సెంట్. పిల్లవాడు ఒకడే. 1880లో పదేళ్లలోపు పిల్లలకి బడి తప్పనిసరి చేశారు, మా పుస్తకంలో మాత్రం ఆ తర్వాత కూడా మార్చి నెలలో రాళ్ల కుప్పలు తగ్గలేదు.

ఇంక రాళ్లు కొట్టేవాళ్లు. అది ముసలివాళ్ల పని. మెకాడమ్ వచ్చాక రాయి కొట్టడం కూర్చుని, చిన్న సుత్తితో చేసే పని అయింది, దాంతో నడుం విరిగినవాడూ, పొలంలో ఎవరూ పిలవనివాడూ అందులోకి వచ్చి పడ్డాడు. గజానికింత అని కూలి. చలికాలంలో ఈ పేర్లు పెరుగుతాయి, కోతల కాలంలో సున్నా. ఊళ్లో పనిలేనివాడికి బియ్యమో రొట్టో ఊరికే ఇచ్చేకంటే రోడ్డు ఖాతాలో రాళ్లు కొట్టించడం నయమని ఈ రైతులు లెక్కేసుకున్నారని పేజీ పేజీలో తెలుస్తుంది. మన ఉపాధి హామీ గుర్తొచ్చింది. అన్నట్టు ఆదాయం వైపు కూడా ఒకటీ అరా లైన్లు ఉంటాయి: రోడ్డు మీద గీకిన బురద, అంటే సగం గుర్రపు పేడే, ఎరువుకింద అమ్మారు. రోడ్డు పక్క గడ్డి మేపుకోవడానికి పాట పెట్టారు.

1881 జనవరి పేజీ ఒకటి నేను మర్చిపోలేను. మామూలుగా వారానికి ముగ్గురు, నలుగురి పేర్లుంటాయి. ఆ నెల మూడో వారంలో హఠాత్తుగా 23 పేర్లు. పక్కన ఒకే ఒక్క మాట: మంచు. జనవరి 18, మంగళవారం, దక్షిణ ఇంగ్లండ్ మీద పడ్డ ఆ మంచు తుపాను గురించి ఇక్కడ ఇప్పటికీ చెప్పుకుంటారు, రైళ్లు మంచులో కూరుకుపోయాయి. దాదాపు పదకొండు వారాలకి, ఏప్రిల్ 3న, దేశమంతా జనాభా లెక్క రాశారు. కాబట్టి ఆ 23 మందినీ ఒక్కొక్కరినీ వెతకొచ్చు. వెతికాను. రెండు గురువారాలు పట్టింది. పందొమ్మిదిమంది దొరికారు. చాలామంది పొలం కూలీలే, అందులో వింతేం లేదు. కానీ ఒక దర్జీ ఉన్నాడు. చెప్పులు కుట్టే ఆయన, ఆయన పద్నాలుగేళ్ల కొడుకు ఉన్నారు. దర్జీ సూది పక్కనపెట్టి పార పట్టుకుని నాలుగు రోజులు మంచు తవ్వాడంటే ఆ వారం ఊళ్లోకి ఎవరూ రాలేదు, ఊళ్లోంచి ఎవరూ పోలేదు. వాతావరణం వాళ్ల లెక్కల్లో మంచు ఎన్ని అంగుళాలో ఉంటుంది. దర్జీ ఉండడు.

పెద్ద చరిత్ర కూడా దీంట్లో ఉంది, క్లుప్తంగా చెప్తాను. 1862లో చట్టం చేసి నాలుగైదు ఊళ్లని, పదీ ఇరవైని కలిపి ఒక రోడ్డు జిల్లాగా చేయొచ్చన్నారు, జీతం తీసుకునే ఒకే సర్వేయరు, ఒకే ఆఫీసు. పల్లెలకి ఇది నచ్చలేదు, మన డబ్బుతో పక్క ఊరి రోడ్డు వేస్తారా అని. తప్పించుకోవడానికి చిన్న చిన్న ఊళ్లు ఏం చేశాయో తెలుసా, పట్టణాల కోసం పెట్టిన ఇంకో చట్టం కింద మాది పట్టణమే అని ప్రకటించుకున్నాయి! పార్లమెంటు మరుసటి ఏడే పరిగెత్తుకొచ్చి మూడు వేల జనాభా లేనివాళ్లకి ఆ దారి మూసేసింది. మా ఊరు ఏ జిల్లాలోనూ చేరకుండా 1894 చట్టం దాకా లాక్కొచ్చింది, నా అదృష్టం. ఎందుకంటే జిల్లాల పుస్తకాలు నేను చూశాను, రాత ముత్యాల్లా ఉంటుంది, చదవడానికి హాయి, కానీ 'ఫలానా ఊరు, కూలీ ఖర్చు, ఇన్ని పౌనులు' అని ఒక్క అంకె. మనుషులు మాయం. చేతిరాత ఎంత దరిద్రంగా ఉంటే సమాచారం అంత బాగుంటుందని నా అనుభవం.

ఈ పుస్తకాల కోసం వేరే పనిమీద వచ్చేవాళ్లు కూడా ఉన్నారు. నడకదారుల హక్కుల కోసం కొట్లాడేవాళ్లు. ఇక్కడ ఒకసారి ప్రజల దారి అయితే దాన్ని చట్టప్రకారం మూయించేదాకా ప్రజల దారే, ఎన్నేళ్లు ముళ్లు మొలిచినా సరే. ఇప్పుడు గేటు పెట్టి తాళం వేసిన సందు మీద 1850లో ఊరి డబ్బు ఖర్చుపెట్టారని చూపిస్తే అది సొంత దారి కాదనడానికి మంచి సాక్ష్యం, సొంత దారికి ఊరు ఎందుకు ఖర్చు పెడుతుంది? చిక్కేమిటంటే సర్వేయరు సందులకి పేర్లు రాయడు. 'ముసలావిడ ఇంటి పక్క దారి', 'గొయ్యి దారి' అంటాడు. ఏ ముసలావిడ? ఏ గొయ్యి? పన్ను పటం తెరిచి, జనాభా లెక్క పక్కన పెట్టుకుని, ముసలావిడ ఇల్లు ఎక్కడో కనుక్కోవాలి. గొయ్యి మాత్రం దొరికింది. చేలు పంచినప్పుడే రోడ్డు రాయి కోసం ఊరికని ఒక చెక్క వదిలేవాళ్లు, పటం మీద రాసే ఉంది.

పోయిన ఆగస్టులో అమ్మా నాన్నా వచ్చారు. నాన్నని కోటల దగ్గరికీ మ్యూజియాలకీ తిప్పాను, ఏదీ పెద్దగా పట్టించుకోలేదు. గొయ్యి దారికి తీసుకెళ్లాను. ఇప్పుడది రెండు చేల మధ్య కాలిబాట, ఇద్దరు పక్కపక్కన నడవలేరు. గొయ్యిలో చెట్లు మొలిచాయి, ఎవరో పాత ఫ్రిజ్ పడేశారు. నాన్న ఆగస్టులోనూ మంకీ క్యాప్ తియ్యలేదు. దారి మధ్యలో ఆగి, గొడుగు మొనతో గడ్డి పక్కకి తోసి గీకారు. టక్కుమంది. వంగి, చేత్తో మట్టి తుడిచి, బిగుసుకుపోయిన చెకుముకి పలుకులు చూశారు, అంచు దగ్గరికి వెళ్లి వాన కోసేసిన చోట జాన పెట్టి మందం కొలిచారు.

"పుస్తకంలో ఈ దారికి మొత్తం ఎన్ని బండ్లు అన్నావు?"

చెప్పాను. 1841 నుంచి 1866 దాకా కలిపి నలభైలోపే, ఆ తర్వాత ఈ దారి పేరు పుస్తకంలో లేదు. ఆయన పొడవు కళ్లతో కొలిచి, వెడల్పు అడుగులేసి, పెదాలు కదుపుతూ కాసేపు లెక్క వేశారు.

"సరిపోదమ్మా. ఇక్కడ దానికి మూడింతలుంది. దీనికి ముందు పుస్తకం ఒకటి ఉండాలే."

"ఉండేది నాన్నా, పోయింది. సర్వేయర్లు ఇళ్లలో పెట్టుకునేవాళ్లు కదా, చాలావరకు అలాగే పోయాయి."

"పోదు," అన్నారు గొడుగు దులుపుకుంటూ, "ఎవడింట్లోనో అటక మీద ఉంటుంది. ఆ ఇళ్లు ఏవి, అడుగుదాం పద."